ఇంగ్లండ్ అంతర్యుద్ధం (1642–1651): రాజు, పార్లమెంటు, సైన్యం – తరచుగా అడిగే ప్రశ్నలు

పోటీ పరీక్షల పుస్తకాల్లో ఈ యుద్ధం ఒకటిన్నర పేజీలో అయిపోతుంది. మొండి రాజు ఒకడు, స్వేచ్ఛ కోసం పోరాడిన పార్లమెంటు ఒకటి, చివర్లో రాజు శిరచ్ఛేదం. మార్కులకు అది చాలేమో కానీ, ఏం జరిగిందో అర్థం కావడానికి చాలదు. యుద్ధం మొదలైన రోజున రాజును చంపాలన్న ఆలోచన పార్లమెంటులో దాదాపు ఎవరికీ లేదు. రాజు లేని దేశాన్ని వాళ్లు ఊహించను కూడా లేదు. సైన్యం ఎవరి మాట వినాలన్న తగాదాతో మొదలై, ఆ సైన్యం ఎవరి మాటా వినని స్థితికి చేరిన కథ ఇది. చదివేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులు కింద ఉన్నాయి.

ఎవరెవరి మధ్య, ఎప్పుడు జరిగింది?

ఒకవైపు రాజు మొదటి చార్లెస్, మరోవైపు లండన్‌లో కూర్చున్న పార్లమెంటు. ఒకే యుద్ధంలా చెబుతాం గానీ మూడు విడతలుగా సాగింది: 1642–46, 1648, 1649–51. మూడో విడతలో పోరాడింది చార్లెస్ కొడుకు, తర్వాతి రోజుల్లో రెండో చార్లెస్ అయినవాడు. స్కాట్లండ్, ఐర్లండ్ రెండూ ఇందులో నిండా మునిగాయి. అప్పట్లో ఈ మూడు రాజ్యాలకూ రాజు ఒక్కడే అయినా పార్లమెంట్లు వేరు, చట్టాలు వేరు, మతం నడిచే తీరూ వేరు. చార్లెస్ కష్టాల్లో సగం ఇక్కడే ఉన్నాయి.

రాజు నిరంకుశుడు, పార్లమెంటు ప్రజల పక్షం అనేయొచ్చా?

అనేస్తే పొరపాటే. నాటి కామన్స్ సభలో (పార్లమెంటులో ఎన్నికైనవాళ్ల సభ) ఉన్నది ఎక్కువగా భూస్వాములు, లాయర్లు, కొందరు వర్తకులు. జిల్లా స్థానాల్లో ఓటు వేయాలంటే ఏడాదికి 40 షిల్లింగుల ఆదాయం వచ్చే సొంత భూమి ఉండాలి. ఆడవాళ్లకు, కూలీలకు, కౌలుదారుల్లో చాలామందికి ఓటు లేదు. పార్లమెంటు ఏటా కూడేది కూడా కాదు. రాజు పిలిస్తే వచ్చేది, వెళ్లమంటే వెళ్లేది.

అలాగని చార్లెస్ మాట ఒప్పుకోవాలని కాదు. రాజు దేవుడికి తప్ప ఎవరికీ జవాబుదారీ కాదని అతను నిజంగానే నమ్మాడు. సంతకం పెట్టిన కాగితానికి కట్టుబడాల్సిన పని రాజుకు లేదనుకున్నాడు. వ్యక్తిగా మర్యాదస్తుడు, భార్యాబిడ్డలంటే ప్రాణం పెట్టేవాడు, చిత్రకళంటే మంచి అభిరుచి. కానీ ఇచ్చిన మాట మీద నిలబడేవాడు కాదు. నా దృష్టిలో అతన్ని ముంచింది నిరంకుశత్వం కంటే ఎక్కువగా ఈ గుణమే.

గొడవ ఎక్కడ మొదలైంది?

డబ్బు దగ్గర. చార్లెస్ 1625లో గద్దెనెక్కాడు. వెంటనే స్పెయిన్‌తో, ఆ తర్వాత ఫ్రాన్స్‌తో యుద్ధాలకు దిగి రెంటిలోనూ పరువు పోగొట్టుకున్నాడు. పార్లమెంటు అడిగినంత ఇవ్వకపోయేసరికి కలిగినవాళ్ల దగ్గర బలవంతంగా ‘అప్పు’ వసూలు చేశాడు. ఇవ్వనన్నవాళ్లను కారణం చూపకుండా జైల్లో పెట్టాడు. దీని మీదే 1628లో పార్లమెంటు ‘హక్కుల విజ్ఞాపన’ తెచ్చింది. పార్లమెంటు ఒప్పుకోకుండా పన్ను వేయకూడదు, కారణం చెప్పకుండా ఎవరినీ నిర్బంధించకూడదు, సైనికులను జనం ఇళ్లలో దించకూడదు, పౌరుల మీద సైనిక చట్టం ప్రయోగించకూడదు. రాజు ఒప్పుకున్నాడు. ఏడాది తిరక్కుండానే మళ్లీ పాత దారి పట్టాడు.

1629 మార్చి 2న సభను వాయిదా వేయమని రాజాజ్ఞ వచ్చింది. స్పీకర్ లేచి వెళ్లిపోబోతే ఇద్దరు సభ్యులు ఆయన్ను కుర్చీలోంచి కదలనివ్వకుండా పట్టుకున్నారు. తలుపులు వేసి, రాజు పన్నులకు వ్యతిరేకంగా తీర్మానాలు చేశాకే బయటికి వచ్చారు. ఆ తర్వాత 11 ఏళ్లపాటు చార్లెస్ పార్లమెంటును పిలవనే లేదు.

మరి ఖజానా ఎలా నిండాలి? మూలన పడ్డ పాత చట్టాలన్నీ తవ్వి తీశారు. ఏడాదికి 40 పౌన్ల భూమి ఆదాయం ఉండీ పట్టాభిషేకం నాడు నైట్ బిరుదు తీసుకోవడానికి రాలేదని జనానికి జరిమానాలు వేశారు. అన్నిటికన్నా మంట పెట్టింది ‘షిప్ మనీ’. తీరానికి ఆపద వచ్చినప్పుడు రేవు పట్టణాలు ఓడలివ్వడమో, బదులుగా డబ్బివ్వడమో పాత ఆచారం. 1635లో దాన్ని సముద్రం ముఖం చూడని జిల్లాలకూ పాకించారు. ఆపద ఏమీ లేకుండానే ఏటేటా వసూలు చేశారు. బకింగ్‌హామ్‌షైర్ పెద్దమనిషి జాన్ హాంప్డెన్ తన వాటా 20 షిల్లింగులు కట్టనని కోర్టుకెక్కాడు. ఆ డబ్బు ఆయనకు లెక్కలోది కాదు. ఆపద ఉందో లేదో తేల్చాల్సింది రాజు ఒక్కడేనా అన్నది ఆయన ప్రశ్న. 1638లో 12 మంది జడ్జీల్లో ఏడుగురు రాజు వైపు, ఐదుగురు హాంప్డెన్ వైపు నిలిచారు. కేసు రాజే గెలిచాడు. కానీ సొంత జడ్జీల్లోనే ఐదుగురు కాదన్నారన్న సంగతి ఊరూరా తెలిసిపోయింది.

మతం పాత్ర ఎంత?

చాలా ఎక్కువ. ఇవాళ మనం పన్నుల కథను ఇష్టంగా చెబుతాం గానీ, అప్పటి మనుషులు ప్రాణాలకు తెగించింది ఎక్కువగా మతం కోసమే. ఇంగ్లండ్ ప్రొటెస్టెంట్ దేశం. రాణి హెన్రియెట్టా మరియా ఫ్రాన్స్ నుంచి వచ్చిన కాథలిక్. 1633లో ఆర్చ్‌బిషప్ అయిన విలియం లాడ్ చర్చిల్లో ఆడంబరం పెంచాడు. ప్రార్థనా బల్లను గోడ వైపుకు జరిపి, చుట్టూ కటకటాలు కట్టించాడు. బయటివాళ్లకు ఇది చిన్న మార్పులా కనిపించొచ్చు. చర్చిలో కాథలిక్ వాసన మిగలకూడదనే ప్యూరిటన్లకు మాత్రం దేశాన్ని దొంగదారిన రోమ్‌కు అప్పగిస్తున్నట్టే అనిపించింది. బిషప్పులను విమర్శిస్తూ రాసినందుకు 1637లో ముగ్గురికి లండన్ నడిబొడ్డున చెవులు కోశారు. వాళ్లలో ఒకడు లాయరు, ఒకడు డాక్టరు, ఒకడు పాస్టరు. ముగ్గురూ చదువుకున్నవాళ్లు, మర్యాద గల కుటుంబాలవాళ్లు. ఆ శిక్ష చూసిన జనం భయపడటానికి బదులు రగిలిపోయారు.

ఇంగ్లండ్ గొడవలోకి స్కాట్లండ్ ఎలా వచ్చింది?

చార్లెస్ పిలిచి మరీ తెచ్చుకున్నాడు. ఇంగ్లండ్ తరహా ప్రార్థనా పుస్తకాన్ని స్కాట్లండ్ చర్చి నెత్తిన రుద్దాడు. 1637 జులైలో ఎడిన్‌బరోలోని సెయింట్ జైల్స్ చర్చిలో దాన్ని చదవడం మొదలుపెట్టగానే అల్లరి లేచింది. మరుసటి ఏడాది స్కాట్లు తమ చర్చి పద్ధతులను కాపాడుకుంటామన్న ‘జాతీయ ఒడంబడిక’ మీద వేలాదిగా సంతకాలు పెట్టారు. చార్లెస్ రెండుసార్లు సైన్యంతో వెళ్లి రెండుసార్లూ భంగపడ్డాడు. 1640 ఆగస్టులో స్కాట్లు న్యూకాసిల్‌ను పట్టుకున్నారు. ఒప్పందం కుదిరేదాకా తమ సైన్యం ఖర్చుకు రోజుకు 850 పౌన్లు చెల్లించాల్సిందేనన్నారు. అంత డబ్బు పార్లమెంటు లేకుండా పుట్టదు. ఆ ఏడాది ఏప్రిల్‌లో పిలిచిన పార్లమెంటును మూడు వారాలకే రద్దు చేసిన చార్లెస్, నవంబర్ 3న ఇంకొకటి పిలిచాడు. ‘లాంగ్ పార్లమెంట్’ అన్న పేరు దీనికే వచ్చింది.

1641లో రాజు అడిగినవన్నీ ఇచ్చేశాడు కదా, మళ్లీ యుద్ధం ఎందుకు?

ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా మంచి ప్రశ్న ఇదే. నిజంగానే ఇచ్చేశాడు. షిప్ మనీ పోయింది. చెవులు కోయించిన స్టార్ ఛాంబర్ కోర్టు పోయింది. కనీసం మూడేళ్లకొకసారి పార్లమెంటు కూడాలన్న చట్టం వచ్చింది. ఆ పార్లమెంటు ఒప్పుకోకుండా దాన్ని రద్దు చేయకూడదన్న చట్టం మీదా సంతకం పెట్టాడు. తనకు కుడిభుజమైన స్ట్రాఫర్డ్ ప్రాణానికి రాతపూర్వకంగా హామీ ఇచ్చి కూడా, వీధుల్లో జనం పోటెత్తేసరికి భయపడి మరణశిక్షకు ఒప్పుకున్నాడు. 1641 మే 12న స్ట్రాఫర్డ్ తల తెగింది. ఆ పాపం జీవితాంతం చార్లెస్‌ను వెంటాడింది.

అక్కడితో ఆగిపోవాల్సింది. కానీ అక్టోబర్‌లో ఐర్లండ్‌లో కాథలిక్కులు తిరగబడ్డారు. ప్రొటెస్టెంట్ వలసదారుల హత్యల కబుర్లు, నిజాలకు పదింతలు అబద్ధాలు కలిసి, లండన్ చేరాయి. తిరుగుబాటు అణచడానికి సైన్యం కావాలని రాజు, పార్లమెంటు ఇద్దరూ ఒప్పుకున్నారు. దానికి సేనాపతిని నియమించేది ఎవరన్న దగ్గర చిక్కు పడింది. వందల ఏళ్లుగా అది రాజు హక్కు. కానీ ఆ సైన్యంతో ముందు ఐర్లండ్‌కు వెళ్తాడో, పార్లమెంటు ఉన్న వెస్ట్‌మినిస్టర్‌కే వస్తాడో ఎవరికీ నమ్మకం లేదు. కామన్స్ నాయకుడు జాన్ పిమ్ రాజు తప్పులన్నీ ఏకరువు పెడుతూ ఒక పత్రం తయారు చేయించాడు. నవంబర్‌లో అది 159–148 ఓట్లతో గట్టెక్కింది. అంటే సభ అప్పటికే రెండుగా చీలింది. పిమ్ హద్దు దాటుతున్నాడని భావించిన సగం మంది రాజు వైపు జరుగుతున్నారు. చార్లెస్ కొన్నాళ్లు ఓపిక పట్టి ఉంటే పరిస్థితి తనంతట తానే అతనివైపు మొగ్గేది.

ఓపిక పట్టలేదు. 1642 జనవరి 4న వందలాది సాయుధులతో వెళ్లి, పిమ్, హాంప్డెన్‌లతో సహా ఐదుగురు సభ్యులను అరెస్టు చేయడానికి స్వయంగా కామన్స్ సభలోకి అడుగుపెట్టాడు. ముందే కబురందిన ఆ ఐదుగురూ థేమ్స్ నది మీదుగా జారుకున్నారు. వాళ్లెక్కడని రాజు అడిగితే స్పీకర్ లెంథాల్ మోకరిల్లి, ఈ సభ ఆదేశిస్తే తప్ప తనకు చూడటానికి కళ్లు, చెప్పడానికి నోరు లేవన్నాడు. పిట్టలు ఎగిరిపోయాయంటూ చార్లెస్ వట్టి చేతులతో వెనుదిరిగాడు. ఆ నాటి నుంచి ఇంగ్లండ్ రాజుగానీ రాణిగానీ కామన్స్ సభ సమావేశంలోకి అడుగుపెట్టలేదు. వారం లోపే అతను లండన్ వదిలేశాడు. మళ్లీ ఆ నగరానికి వచ్చింది ఏడేళ్ల తర్వాత, ఖైదీగా.

మార్చిలో పార్లమెంటు రాజు సంతకం లేకుండానే స్థానిక దళాలను తన చేతుల్లోకి తీసుకుంది. కొంతకాలమైనా ఇవ్వమని అడిగితే, ఒక్క గంటకు కూడా ఇవ్వనన్నాడు చార్లెస్. తెగేదాకా లాగారు, తెగింది. ఏప్రిల్‌లో ఆయుధాగారం ఉన్న హల్ పట్టణం రాజు ముఖం మీదే తలుపులు వేసింది. ఆగస్టు 22న నాటింగ్‌హామ్‌లో రాజు యుద్ధ పతాకం ఎత్తాడు.

ఎవరు ఎటు చేరారు? ఇది వర్గపోరాటమా?

లండన్, తూర్పు, ఆగ్నేయ జిల్లాలు, పెద్ద రేవులు, నౌకాదళం పార్లమెంటు వైపు. ఉత్తరం, పడమర, వేల్స్ ఎక్కువగా రాజు వైపు. కానీ ప్రతి జిల్లాలోనూ, ప్రతి తరగతిలోనూ చీలిక ఉంది. సర్ ఎడ్మండ్ వెర్నీ రాజు జెండా మోస్తూ ఎడ్జ్‌హిల్ యుద్ధంలో చనిపోయాడు. ఆయన పెద్దకొడుకు రాల్ఫ్ పార్లమెంటు పక్షం. విలియం వాలర్, రాల్ఫ్ హాప్టన్ పాత స్నేహితులు, ఒకప్పుడు కలిసి పోరాడినవాళ్లు. ఎదురెదురు సైన్యాలకు నాయకులయ్యాక 1643లో వాలర్ తన మిత్రుడికి ఉత్తరం రాస్తూ ఇది శత్రువు లేని యుద్ధమని బాధపడ్డాడు. అది చదివినప్పుడల్లా ఈ యుద్ధం ఎంత క్రూరమైనదో కొత్తగా తెలుస్తుంది నాకు.

ఇంకా చాలామంది ఎవరి వైపూ లేరు. 1645 నాటికి నైరుతి పల్లెల్లో రైతులు కర్రలు పట్టుకుని, ఏ సైన్యం వచ్చినా తరిమేస్తామని గుంపు కట్టారు.

పార్లమెంటు ఎలా గెలిచింది?

మొదటి రెండేళ్లు గెలవలేదు. 1642 అక్టోబర్‌లో ఎడ్జ్‌హిల్ ఎటూ తేలలేదు. 1643లో రాజు మేనల్లుడు రూపర్ట్ బ్రిస్టల్‌ను పట్టేసుకున్నాడు. హాంప్డెన్ ఆ వేసవిలో గాయాలతో, పిమ్ డిసెంబర్‌లో జబ్బుతో పోయారు. కానీ పోయేలోపు పిమ్ రెండు పనులు చేసి పెట్టాడు. ఒకటి, బీరు మొదలుకొని రోజువారీ సరుకుల మీద ఎక్సైజ్ పన్ను. రెండోది స్కాట్లతో పొత్తు. షిప్ మనీ మీద మండిపడ్డ సభ దానికి ఎన్నో రెట్ల పన్ను జనం మీద వేసిందన్నది గుర్తుంచుకోవాలి. సభ వేసింది కాబట్టి చట్టబద్ధమే, కానీ బీదవాడికి భారం భారమే.

స్కాట్ల సాయంతో 1644 జులై 2న మార్స్టన్ మూర్‌లో పార్లమెంటు గెలిచి, ఉత్తరమంతా చేజిక్కించుకుంది. హంటింగ్‌డన్‌కు చెందిన ఆలివర్ క్రామ్‌వెల్ పేరు మారుమోగింది అక్కడే. అప్పటిదాకా సైన్యాలను నడిపింది ప్రభువులు. వాళ్లకు రాజును పూర్తిగా ఓడించాలన్న పట్టుదల లేదు. 1645లో సభ్యులెవరూ సైనిక పదవుల్లో ఉండకూడదని ఆర్డినెన్సు తెచ్చి, సర్ థామస్ ఫెయిర్‌ఫాక్స్ కింద ‘న్యూ మోడల్ ఆర్మీ’ కట్టారు. క్రామ్‌వెల్‌కు మాత్రం మినహాయింపు దొరికింది. వంశం చూడకుండా పనితనం చూసి పైకి తెచ్చిన అధికారులు చాలామంది అందులో ఉన్నారు. జీతాలు వేళకు అందినన్నాళ్లు క్రమశిక్షణ బాగుండేది. ఆ జూన్ 14న నేజ్‌బీలో రాజు ప్రధాన సైన్యం తుడిచిపెట్టుకుపోయింది. రాజు ఉత్తరాల పెట్టె కూడా దొరికింది. విదేశీ సైన్యాలను, ఐరిష్ కాథలిక్కులను రప్పించడానికి జరిపిన మంతనాలన్నీ అందులో ఉన్నాయి. పార్లమెంటు వాటిని అచ్చు వేసి పంచింది. యుద్ధంలో ఓడినదానికన్నా అదే పెద్ద దెబ్బ.

సామాన్యుల పరిస్థితి ఏమిటి?

అప్పటి ఇంగ్లండ్, వేల్స్ జనాభా సుమారు 50 లక్షలు. పోరులో, సైన్యాల వెంట వ్యాపించిన జ్వరాలతో కలిపి దాదాపు 2 లక్షల మంది పోయారని చరిత్రకారుల అంచనా. సైనికులు ఇళ్లలో దిగి తిని, చీటీలు రాసిచ్చేవారు. ఆ చీటీలకు డబ్బు రావడం అరుదు. గుర్రాలు, గడ్డి, ధాన్యం రెండు పక్షాలూ పట్టుకుపోయేవి. 1645 మేలో రాజు సేనలు లెస్టర్‌ను దోచుకున్నాయి. కొద్ది రోజులకే నేజ్‌బీలో గెలిచిన పార్లమెంటు సైనికులు రాజు శిబిరం వెంట ఉన్న ఆడవాళ్లను కనీసం వంద మందిని నరికేశారు. దైవభక్తి గల సైన్యమని పేరున్నవాళ్లు చేసిన పని ఇది. విజయాల జాబితాలో దీన్ని వదిలేయడం నాకు తప్పుగా తోస్తుంది.

కోటలను కాపాడిన ఆడవాళ్లూ ఉన్నారు. బ్రిలియానా హార్లీ 1643లో, భర్త పార్లమెంటు పనిమీద లండన్‌లో ఉండగా, బ్రాంప్టన్ బ్రయన్ కోటను ఏడు వారాలు రాజు సేనలకు లొంగకుండా నిలబెట్టింది. ఆ ఏడాదే జబ్బుపడి చనిపోయింది.

పట్నీ చర్చలు అంటే ఏమిటి?

1647 నాటికి యుద్ధం ముగిసింది, బకాయిలు మిగిలాయి. కాల్బలానికి 18 వారాల, అశ్వదళానికి 43 వారాల జీతం రావాలి. అది తీర్చకుండానే పార్లమెంటు సైన్యాన్ని రద్దు చేయబోయింది. సైనికులు ప్రతినిధులను ఎన్నుకుని ఎదురుతిరిగారు. జూన్‌లో కార్నెట్ జాయిస్ అనే చిన్న అధికారి దండుతో వెళ్లి, పార్లమెంటు కాపలాలో ఉన్న రాజును సైన్యం చేతికి తెచ్చేశాడు. ఏ అధికారంతో వచ్చావని రాజు అడిగితే వెనక నిలబడ్డ సైనికులను చూపించాడు.

అక్టోబర్ చివర్లో లండన్ పక్కన పట్నీలోని సెయింట్ మేరీ చర్చిలో సైన్యాధికారులు, సైనికుల ప్రతినిధులు, లెవెలర్లనే రాజకీయ బృందం వాళ్లు కూర్చుని, దేశానికి ఎలాంటి పాలన కావాలో చర్చించారు. కర్నల్ రెయిన్స్‌బరో లేచి, ఇంగ్లండ్‌లో అతి బీదవాడికీ అతి పెద్దవాడిలాగే బతకాల్సిన బతుకు ఉందని, ఏ ప్రభుత్వం కింద బతకాలో దానికి అతని సమ్మతి ఉండాలని అన్నాడు. క్రామ్‌వెల్ అల్లుడు ఐర్టన్ ఒప్పుకోలేదు. ఆస్తి లేనివాడికి ఓటిస్తే రేపు ఆస్తే ఉండదని వాదించాడు. ప్రాణాలు పణంగా పెట్టినవాళ్లకు ఏమీ దక్కకపోతే ఇన్నాళ్లూ ఎందుకోసం పోరాడినట్టని సెక్స్‌బీ అనే సైనికుడు నిలదీశాడు.

ఓటు హక్కు గురించి ఇంత సూటిగా మామూలు సైనికులు మాట్లాడిన మాటలు రాతపూర్వకంగా మిగలడం గొప్ప అదృష్టం. నవంబర్‌లో చర్చలు ఆపేసి, ఎదురుతిరిగిన దళంలో ఒక సైనికుణ్ణి కాల్చి చంపారు.

రాజును చంపేదాకా ఎందుకు వెళ్లింది?

ఓడిపోయాక కూడా చార్లెస్ పార్లమెంటుతో ఒక మాట, సైన్యంతో ఒక మాట, స్కాట్లతో ఒక మాట చెబుతూ కాలం గడిపాడు. వాళ్లలో వాళ్లు కొట్టుకుంటే తాను మిగులుతానని లెక్క. 1647 నవంబర్‌లో హాంప్టన్ కోర్టు నుంచి తప్పించుకుని వైట్ ద్వీపం చేరాడు. అక్కడి నుంచి స్కాట్లతో రహస్య ఒప్పందం చేసుకున్నాడు. దాని ఫలితమే 1648 నాటి రెండో యుద్ధం. ప్రెస్టన్‌లో క్రామ్‌వెల్ స్కాట్లను ఓడించాడు. మొదటిసారి ఓడినప్పుడు దేవుడి తీర్పు చెప్పేశాడని, దాన్ని కాదని మళ్లీ రక్తం పారించాడని సైన్యం అతన్ని ‘రక్తపు మనిషి’ అంది.

ఇంత జరిగినా పార్లమెంటులో ఎక్కువమంది రాజుతో రాజీకే సిద్ధమయ్యారు. 1648 డిసెంబర్ 6న కర్నల్ ప్రైడ్ సభ వాకిట్లో సైనికులతో నిలబడి, రాజీ కోరే సభ్యులను లోపలికి రానివ్వలేదు. 1642లో ఐదుగురి కోసం రాజు సైనికులతో వస్తే దేశం భగ్గుమంది. ఇప్పుడు పార్లమెంటు కోసం కట్టిన సైన్యమే వంద మందికి పైగా సభ్యులను బయటికి నెట్టింది. చదివేవాళ్లు ఈ రెండు రోజులనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

మిగిలిన కొద్దిమంది 135 మంది పేర్లతో ఒక న్యాయస్థానం ఏర్పాటు చేశారు. చాలామంది రానేలేదు. ఫెయిర్‌ఫాక్స్ మొదటి సమావేశం తర్వాత ముఖం చూపలేదు. జనవరి 20న వెస్ట్‌మినిస్టర్ హాల్‌లో విచారణ మొదలైంది. అధ్యక్షుడు బ్రాడ్‌షా, ఎవరైనా చంపుతారేమోనని లోపల ఉక్కు రేకు ఉన్న టోపీ పెట్టుకుని కూర్చున్నాడు. ఏ అధికారంతో నన్ను ఇక్కడికి తెచ్చారు, చట్టప్రకారం చూపించండి అని చార్లెస్ మళ్లీ మళ్లీ అడిగాడు. జీవితమంతా చట్టాన్ని చుట్టుతిప్పినవాడు ఆ వారంలో చట్టం తరఫున మాట్లాడాడు. ఆ ప్రశ్నకు కోర్టు దగ్గర సరైన జవాబు లేదన్నది నిజం. మరణ వారెంటు మీద 59 మంది సంతకాలు పెట్టారు.

జనవరి 30న వైట్‌హాల్‌లోని బాంక్వెటింగ్ హౌస్ బయట వేదిక కట్టారు. చలికి వణికితే భయమనుకుంటారని రాజు రెండు చొక్కాలు తొడుక్కున్నాడు. ప్రజల స్వేచ్ఛ అంటే వాళ్లకు చట్టం రక్షణ ఉండటమే తప్ప పాలనలో వాటా ఉండటం కాదని, ప్రజ, ప్రభువు పూర్తిగా వేరని చివరి క్షణంలోనూ చెప్పాడు. గొడ్డలి దిగగానే జనంలోంచి మూలుగు లేచిందని ఆ రోజు అక్కడున్న ఒక విద్యార్థి రాసిపెట్టాడు.

కొన్ని చోట్ల 1648 జనవరి 30 అని ఎందుకు ఉంటుంది?

అప్పటి ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. నాటి కాగితాల్లో జనవరి ఇంకా 1648 కిందే లెక్క. ఇప్పటి లెక్కలో అది 1649.

క్రామ్‌వెల్‌ను వీరుడనాలా, నియంత అనాలా?

ఐర్లండ్‌లో ఈ ప్రశ్న అడగరు. 1649 సెప్టెంబర్‌లో ద్రోహెడాను పట్టుకుని లొంగినవాళ్లతో సహా వేలమందిని చంపించాడు. అక్టోబర్‌లో వెక్స్‌ఫర్డ్‌లోనూ అదే జరిగింది. ఆ తర్వాత వచ్చిన భూముల జప్తు ఇంకా పెద్ద గాయం. 1641లో సగానికి పైగా భూమి కాథలిక్కుల చేతిలో ఉండేది, ఆ శతాబ్దం చివరికి నాలుగో వంతు కూడా మిగల్లేదు.

ఇంగ్లండ్‌లో అతను రిపబ్లిక్‌కు సేనాని. 1650లో డన్‌బార్‌లో, 1651లో వూస్టర్‌లో, రెండుసార్లూ సెప్టెంబర్ 3నే, గెలిచి యుద్ధాలకు ముగింపు పలికాడు. 1653 ఏప్రిల్‌లో సైనికులతో వెళ్లి మిగిలిన పార్లమెంటునూ ఖాళీ చేయించాడు. ఆ డిసెంబర్‌లో ‘లార్డ్ ప్రొటెక్టర్’, అంటే దేశాధినేత, అయ్యాడు. 1657లో కిరీటం ఇస్తామంటే వద్దన్నాడు. సొంత మతం విషయంలో ప్రొటెస్టెంట్లకు అప్పటికి అరుదైన స్వేచ్ఛ ఇచ్చాడు, యూదులను మళ్లీ ఇంగ్లండ్‌లో ఉండనిచ్చాడు. కానీ ఎన్నికైన ఏ పార్లమెంటుతోనూ సర్దుకుపోలేకపోయాడు. నియంత అనే నేనంటాను. అధికారం కోసమే పుట్టినవాడని మాత్రం అనను.

మళ్లీ రాజు ఎలా వచ్చాడు?

1658 సెప్టెంబర్ 3న క్రామ్‌వెల్ పోయాడు. కొడుకు రిచర్డ్‌కు సైన్యం మీద పట్టు లేదు, ఏడాది కూడా నిలవలేదు. సేనానులు తన్నుకుంటుంటే స్కాట్లండ్ నుంచి జనరల్ మాంక్ దిగివచ్చి, గెంటేసిన పాత సభ్యులను మళ్లీ కూర్చోబెట్టాడు. 1660 మే 29న రెండో చార్లెస్ లండన్‌లోకి వచ్చాడు. రాచరికాన్ని తిరిగి తెచ్చింది కూడా సైన్యమే. మరుసటి ఏడాది జనవరి 30న క్రామ్‌వెల్ శవాన్ని తవ్వి తీసి ఉరికొయ్యకు వేలాడదీశారు.

అదే కాలంలో ఫ్రాన్స్‌లో జరిగిన ‘ఫ్రాండ్’ తిరుగుబాటు కూడా ఇలాంటిదేనా?

పైకి పోలికలున్నాయి. 1648లో పారిస్ పార్లమాఁ కొత్త పన్నులను అడ్డుకోవడంతో మొదలై 1653 దాకా సాగింది. కానీ ఆ పార్లమాఁ ఎన్నికైన సభ కాదు, ఉన్నత న్యాయస్థానం. రాజును చంపిన ఇంగ్లండ్‌ను చూసి వాళ్లే బెదిరిపోయారు. అక్కడ చివరికి రాజు చెయ్యే పైదయింది.

ఈ యుద్ధానికి మన తీరంతో సంబంధం ఉందా?

ఉంది. 1611 నుంచి ఈస్టిండియా కంపెనీకి మచిలీపట్నంలో కోఠీ (వర్తక స్థావరం) ఉంది. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడి నుంచి మద్రాసు స్థలం సంపాదించిన ఫ్రాన్సిస్ డే, ఆయన పైఅధికారి ఆండ్రూ కోగన్ ఆ మచిలీపట్నం శాఖవాళ్లే. స్కాట్లతో యుద్ధానికి డబ్బు లేక 1640లో చార్లెస్ కంపెనీ గోదాముల్లోని మిరియాలను అప్పు మీద తీసుకుని, నష్టానికి అమ్మి నగదు చేసుకున్నాడు. ఆ బాకీ కోసం కంపెనీ ఏళ్లకేళ్లు తిరిగింది. కంపెనీకి 1657లో కొత్త చార్టర్ ఇచ్చింది క్రామ్‌వెల్.

ఇంకో సంగతి తెలుగువాళ్లలో కొద్దిమందికే తెలుసు. 1665లో మద్రాసులో కంపెనీకి పెద్ద అయిన ఏజెంటు ఎడ్వర్డ్ వింటర్‌ను తీసేసి జార్జ్ ఫాక్స్‌క్రాఫ్ట్‌ను పంపారు. వింటర్ అంతకుముందు మచిలీపట్నంలో పనిచేసినవాడే. ఆ సెప్టెంబర్‌లో అతను, ఫాక్స్‌క్రాఫ్ట్ వర్గం రాజద్రోహపు మాటలు మాట్లాడిందంటూ, కొత్త ఏజెంటును ఖైదు చేసి కోటను పట్టుకున్నాడు. ఆ గలాటాలో ఒకరి ప్రాణం పోయింది. 1668 ఆగస్టు దాకా వింటర్ దిగలేదు. రాజుకు, పార్లమెంటుకు మధ్య రగిలిన అనుమానాలు మద్రాసులోని సెయింట్ జార్జి కోటలో కూడా పనికొచ్చాయన్నమాట.

రాజు తిరిగొచ్చాడంటే ఇదంతా వృథా పోయినట్టేనా?

1641లో చార్లెస్ సంతకం పెట్టిన చాలా చట్టాలు 1660 తర్వాత కూడా నిలిచాయి. స్టార్ ఛాంబర్ తిరిగి రాలేదు, షిప్ మనీ తిరిగి రాలేదు. సైన్యం ప్రశ్న మాత్రం తేలలేదు. రెండో చార్లెస్ తర్వాత వచ్చిన అతని తమ్ముడు రెండో జేమ్స్ మళ్లీ పెద్ద సైన్యం పెంచి, 1688లో గద్దె పోగొట్టుకున్నాడు. 1689 హక్కుల చట్టంలో రెండు వాక్యాలు దగ్గరదగ్గరగా ఉంటాయి: పార్లమెంటు మంజూరు లేని పన్ను చట్టవిరుద్ధం, శాంతికాలంలో పార్లమెంటు ఒప్పుకోకుండా సైన్యాన్ని ఉంచడం చట్టవిరుద్ధం. సైన్యంలో క్రమశిక్షణకు అధికారమిచ్చే చట్టాన్ని కూడా కొద్దికాలానికే పరిమితం చేసి, గడువు తీరినప్పుడల్లా మళ్లీ పార్లమెంటు ముందుకు రావాల్సిందేనన్నారు. కత్తి రాజు పేరుమీదే ఉంది, తాళం చెవి సభ దగ్గరకు వచ్చింది.

మన రాజ్యాంగం 265వ అధికరణ చట్టం లేకుండా ఏ పన్నూ విధించకూడదు, వసూలు చేయకూడదంటుంది. హాంప్డెన్ కోర్టులో వాదించింది అదే. సభలో మాట్లాడిన మాటకు సభ్యుడిని కోర్టుకు లాగకూడదన్న రక్షణ 105వ అధికరణలో పార్లమెంటుకు, 194లో రాష్ట్ర శాసనసభలకు ఉంది. 1950లో ఆ అధికరణలు అమల్లోకి వచ్చినప్పుడు మిగతా హక్కులు బ్రిటన్ కామన్స్ సభకు ఉన్నవేనని నేరుగా పేరు పెట్టి చెప్పారు. 1978లో 44వ సవరణతో ఆ పేరు తీసేశారు.